చిన్న వ్యాపారమునకు కావలసిన గుణములు

ఇటీవలి సంవత్సరములలో మన సహకార సంఘముల సభ్యులు పలువురు సేద్యముతో పాటు ఏదో యొక చిన్న వ్యాపారమును గూడ చేపట్టుచున్నారు. ఒకరు చెక్కగానుగ పెట్టి నూనె తీయుచున్నారు. ఒకరు విత్తనములు, ఎరువులు అమ్ము దుకాణము తెరచుచున్నారు. ఒకరు మామిడి తాండ్రయో, పచ్చళ్లో, కారపు పొడులో చేసి పట్టణమునకు పంపుచున్నారు. మరియొకరు పాడిపశువులను పెంచి పెరుగు, నెయ్యి అమ్ముచున్నారు. ఇది సంతోషింపదగిన విషయము. కేవలము పంటమీదనే ఆధారపడిన కుటుంబమునకు ఒక్క వాన తప్పినను, ఒక్క తుపాను వచ్చినను ఏడాది గడచుట కష్టము. పండినదానిని పండినట్లే బండికెత్తి పంపివేయక నూనెగనో, పిండిగనో, పచ్చడిగనో మార్చి అమ్మినయెడల ఆ మార్పువలన కలుగు ఆదాయము మన యూరిలోనే నిలుచును. సూక్ష్మ ఆహార పరిశ్రమలకై కేంద్ర ప్రభుత్వమువారు 2020వ సంవత్సరమున ఆరంభించిన పథకమున, అర్హులైనవారికి వ్యయములో నూటికి 35 వంతులు, 10 లక్షల రూపాయలకు మించకుండ, సహాయధనము నేర్పాటు చేసిరి. యంత్రము సంపాదించుట మన తండ్రుల కాలమునందువలె అసాధ్యమైన పని కాదు.

అయినను ఒక సంగతి మనము దాచుకొనరాదు. ఇట్లారంభించినవారిలో కొందరు నిలిచిరి. కొందరు రెండు మూడేండ్లలోనే తలుపులు మూసిరి. ఇద్దరి యంత్రము ఒక్కటే, ఇద్దరి సరుకు ఒక్కటే, ఇద్దరును అమ్మినది ఒక్క సంతలోనే. ఒకనికి కలసివచ్చినది మరియొకనికి రాలేదు. మూసినవారు దానిని తమ దురదృష్ట మందురు. చూచినవారు, "వ్యాపారము రైతుకు అచ్చిరాదు, నాగలి పట్టిన చేయి త్రాసు పట్టజాలదు" అందురు. ఈ రెండు మాటలలో దేనిని మేమంగీకరింపము.

వ్యాపారికి కావలసిన గుణములేవి యని యడిగినయెడల ధైర్యము, చురుకుదనము, మాటనేర్పు అని పలువురు చెప్పుదురు. ఇవి యక్కరలేదని మేమనము. కాని యీ మూడును నిండుగనున్నవారు చెడిపోవుటయు, మాట తడబడు సాధువులు పైకివచ్చుటయు మేము చూచియున్నాము. మా యనుభవమున తేలినదేమనగా, అన్నిటికంటె ముందుగా కావలసిన గుణము తన వ్యవహారమును తాను పరాయివాని కన్నులతో చూచుకొనగలుగుట. ఇంకను తేటగా చెప్పవలెనన్న, తనకు తాను అబద్ధము చెప్పుకొనకుండుట. ఈ గుణమునకు పైకి కనబడు గుర్తు ఒక్కటే కలదు. అది ప్రతిదినమును నిజముగా వ్రాయబడు చిట్టా. తక్కిన గుణములన్నియు ఈ యొక్కదాని వెంట వచ్చునని మా నమ్మకము.

సేద్యగానికి కొన్ని సద్గుణములు సహజముగనే యబ్బియుండును. తెల్లవారకమునుపే లేచుట, ఎండకు వానకు వెనుదీయకుండుట, నాటిన నాడే ఫలమును కోరక నెలల తరబడి వేచియుండుట, పశువునకు మేత పెట్టిన పిమ్మటనే తాను భుజించుట, ఇవి యే వ్యాపారమునకైనను పునాదిరాళ్లు. పట్టణపు వర్తకుడు వీనిని ప్రయత్నించి నేర్చుకొనవలెను. మనవారికి ఉగ్గుపాలతోనే వచ్చినవి. కాని సేద్యమున గుణములైయుండి వ్యాపారమున దోషములుగ మారునవియు కొన్ని కలవు. వీనిని గుర్తింపకుండుటయే మనవారి కష్టములకు మొదటి కారణమని మాకు తోచుచున్నది.

సేద్యమున లెక్క పంట కొకమారు తేలును. వ్యాపారమున దినమున కొకమారు తేలవలెను. ఈ యేడు పోయినను వచ్చునేడు పండునను నమ్మకముతో రైతు బ్రతుకును. ఆ నమ్మకమే లేకున్న ఎవడును దుక్కి దున్నడు. కాని నెలనెలకు నష్టపడుచున్న దుకాణమును వచ్చు నెలలో బాగుపడునని నమ్మి నడుపుట విశ్వాసము కాదు, ఏమరుపాటు. లాభము వానవలె కాలము వచ్చినప్పుడు దానంతట అది కురియదు. అట్లే, కళ్లములో గింజలున్నప్పుడు అడిగినవానికి చేటెడు పెట్టుట మన మర్యాద. కాని దుకాణములోని సరుకు కళ్లములోని గింజ కాదు. అందులో సంఘమువారి అప్పు కలదు, సరుకు పంపినవాని బాకీ కలదు, పనివాని కూలి కలదు. అన్నియు పోగా మిగిలినదే మనది. ఏది మనదో, ఏది పరులదో తెలియకుండ చేసిన దానము దానము కానేరదు.

ఒక ఉదాహరణము చెప్పెదము. లెక్క సులువుగ నుండుటకై ధరలను మేమే యూహించి చెప్పుచున్నాము; చదువరులు తమ యూరి ధరలను వేసి చూచుకొనవచ్చును. ఒక సభ్యుడు తన పొలమున పండిన వేరుసెనగ కాయలను ఒలిపించి తన గానుగలోనే ఆడించెననుకొందము. నూరు కిలోల పప్పునుండి నలుబది కిలోల నూనెయు, పశువులకు పెట్టు పిండి యేబదియైదు కిలోలును వచ్చి, అయిదు కిలోలు తరుగు పోయెననుకొందము. నూనె కిలో 250 రూపాయల చొప్పున 10,000 రూపాయలు. పిండి కిలో 40 రూపాయల చొప్పున 2,200 రూపాయలు. మొత్తము రాబడి 12,200 రూపాయలు. విద్యుత్తు, కూలి, సీసాలు, యంత్రపు మరమ్మతు, అప్పుమీది వడ్డీ అన్నియు గలిపి ఖర్చు 1,600 రూపాయలు. చేత మిగిలినది 10,600 రూపాయలు. "నూరు కిలోలకు పదివేలకు పైగా మిగిలినది గదా" యని యతడు సంతసించును.

కాని ఆ పప్పునే ఆడింపక బజారులో కిలో 100 రూపాయల చొప్పున అమ్మియుండినచో 10,000 రూపాయలు వచ్చియుండెడివి. ఆ పదివేలు పొలము సంపాదించినవి. గానుగ సంపాదించినది 600 రూపాయలే. అందును గానుగ కడ నిలుచున్న భార్యకును, సీసాలు నింపిన కుమారునకును కూలి వేయలేదు.

ఇంతవరకు తప్పు మనస్సులోనే యున్నది. ఇకమీద చేతలలోనికి వచ్చును. ఎదుటి వీథిలో మరియొకరు గానుగ పెట్టిరి. మనవాడు, "నాకు చాల మిగులుచున్నది గదా, కొంచెము తగ్గించినను నష్టము లేదు" అని నూనె ధరను 220 రూపాయలకు దింపెను. అప్పుడు నూనెకు 8,800, పిండికి 2,200, మొత్తము 11,000 రూపాయలు. ఖర్చు 1,600 పోగా 9,400 రూపాయలు. పప్పును పప్పుగానే అమ్మినవానికంటె 600 రూపాయలు తక్కువ! ధర తగ్గినందున కొనువారు హెచ్చిరి. గానుగ రాత్రింబవళ్లు తిరుగుచున్నది. ఊరివారందరును వీని వ్యాపారము మూడు పువ్వులు ఆరు కాయలుగ నున్నదని చెప్పుకొనుచున్నారు. కాని యాడించిన ప్రతి నూరు కిలోలకు 600 రూపాయలు గండిపడిన కాలువ నీటివలె పోవుచున్నవి. చేతిలో సొమ్ము ఆడుచుండుటచే ఈ నష్టము కంటికి కనబడదు. మరుసటి కారునకు విత్తనములకు, ఎరువులకు చాలనప్పుడు మాత్రమే యది బయటపడును. అప్పుడును అతడు పంటను నిందించును గాని గానుగను నిందింపడు.

ఈ సభ్యునికి కష్టపడు స్వభావము లేకపోలేదు, ధైర్యము లేకపోలేదు, తెలివియు లేకపోలేదు. తన పొలమునుండి వచ్చిన పప్పునకు ఖరీదు కట్టి, "ఈ దినమున గానుగ పొలమునకు పదివేలు బాకీపడినది" అని ఒక్క పంక్తి వ్రాసికొనియుండినచో మొదటి వారముననే నిజము తెలిసియుండును. ఆ యొక్క పంక్తి వ్రాయలేకపోవుటకు కారణము చదువు లేమి కాదు. తన పొలమును, తన గానుగను, తన యింటిని వేరువేరుగ చూచుటకు మనస్సొప్పుకొనకపోవుటయే కారణము. అన్నియు నావే యనుకొన్నవానికి ఏది యేమి సంపాదించినదో ఎన్నటికిని తెలియదు.

ఇంటి ఖర్చును, దుకాణపు సొమ్మును వేరు చేయుట ఈ కాలమున మరింత కష్టమైనది. పూర్వము దుకాణమున గల్లాపెట్టె యుండెడిది. దానిలో చేయి పెట్టునప్పుడైన యజమానునికి కొంచెము వెనుకముందు తోచెడిది. ఇప్పుడు కొనువారు పలువురు చేతి ఫోను ద్వారా డబ్బు పంపుచున్నారు. ఆ సొమ్ము చేరు ఖాతాయు, పిల్లల బడి రుసుము, ఇంటి సరుకులు, పెండ్లి చదివింపులు చెల్లించు ఖాతాయు పలువురికి ఒక్కటే. ఫోనులో ప్రతి లావాదేవీయు వ్రాయబడియే యుండును గదా యని కొందరందురు. వ్రాయబడుట వేరు, చదువబడుట వేరు. వచ్చినది అమ్మకపు సొమ్మో, తీరిన బాకీయో, చేబదులో ఫోను చెప్పదు. నిలవయున్న సరుకెంతయో అసలే చెప్పదు. కావున దుకాణమునకు వేరు ఖాతా తెరచుట మొదటి పని. ఇంటి కవసరమైనంత సొమ్మును నెల కొకమారు జీతమువలె అందుండి తీసికొనుట రెండవ పని. ప్రతిరాత్రి పడుకొనబోవుటకు ముందు కొనుబడి, అమ్మకము, ఖర్చు, నిలవ అను నాలుగు లెక్కలను పుస్తకమున వ్రాయుట మూడవ పని. దీనికి పావుగంట చాలును.

చిట్టా వ్రాయుటకంటె కష్టమైన గుణము మరియొకటి కలదు. అది లేదని చెప్పగలుగుట. పల్లెటూరి దుకాణదారునకు కొనువారెవరును పరాయివారు కారు. అందరును ఏదో యొక వరుసవారే. సాయంకాలము దీపము పెట్టు వేళకు వరుసకు మామయైన పెద్దమనిషి వచ్చును. "అబ్బాయీ, రెండు కిలోల నూనె పోయుము. పద్దు వ్రాసికొనుము, పంట రాగానే యిచ్చెదను" అనును. "మామా, నగదునకే అమ్మవలెనని నియమము పెట్టుకొంటిని" అన్నచో, "నిన్నెత్తుకొని పెంచినవాడను, నాకే నియమమా?" అనును. ఈ మాటకు బదులు చెప్పగలవా రెందరు? నూనె పోయుదురు, పద్దు వ్రాయుదురు. పంట వచ్చును, మామ రాడు. అడుగుదమన్న మొగమోటము. అడుగకున్న నష్టము. అడిగినచో నూనెయు పోయి, మామయు పోవును.

అరువు వలన నష్టమెంతటిదో మనవారు తరచుగ తక్కువగ నంచనా వేయుదురు. నూటికి ఎనిమిది రూపాయల లాభము వచ్చు సరుకును నూరు రూపాయలకు అరువిచ్చి, ఆ బాకీ మునిగినదనుకొందము. పోయినది ఎనిమిది రూపాయల లాభము మాత్రమే కాదు. కొనుబడి 92 రూపాయలును పోయినవి. ఆ 92 రూపాయలను తిరిగి సంపాదించుటకు ఇంకను 1,150 రూపాయల సరుకును నగదునకు అమ్మవలెను. అనగా ఒక్క మామ ఎగవేసిన బాకీని తీర్చుటకు పదునొకండుగురు మంచి కొనుగోలుదారులు వచ్చినను చాలదు.

మేమెరిగిన యొక దుకాణదారుడు దీనికి చక్కని యుపాయము కనిపెట్టెను. అతడు బంధువులను కాదనడు. కాని యిచ్చిన సరుకు వెలను అప్పటికప్పుడే తన యింటి సొమ్ములోనుండి తీసి దుకాణపు పెట్టెలో వేయును. "మామకు నూనె యిచ్చినది నేను, దుకాణము కాదు" అనును. మామ బాకీ తీర్చినచో ఇంటికి వచ్చును. తీర్చకున్న ఇంటి ఖర్చు. నెలాఖరున ఇంటి లెక్క చూచినప్పుడు తన దయకు తాను భరింపగల హద్దెంతయో అతనికే తెలియును. దయ గలవాడును వ్యాపారము చేయవచ్చును; తన దయకు తానే వెల చెల్లింపవలెను. ఇదియు తనకు తాను అబద్ధము చెప్పుకొనకుండుటలో నొక భాగమే.

సహకారోద్యమ చరిత్రలో ఈ విషయమునకు మంచి తార్కాణము కలదు. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 28 మంది పేదలు, నేతపనివారు మొదలగువారు, 28 పౌనుల మూలధనముతో 1844 డిసెంబరు 21వ తేదీని టోడ్ లేన్ అను వీథిలో చిన్న దుకాణమును తెరచిరి. పిండి, వెన్న, చక్కెర, ఓట్ల నూక, క్రొవ్వొత్తులు, ఇంతియే వారి సరుకు. వారికి ముందుగూడ అట్టి దుకాణములు పుట్టి గిట్టినవి. వానిలో పెక్కింటిని ముంచినది అరువే. కావున రాచ్‌డేల్‌వారు నగదునకే అమ్మకమని నియమించుకొనిరి. కల్తీ లేని సరుకు, తప్పు లేని తూనిక యనునవి వారి తక్కిన నియమములు. కొనవచ్చినవారు తమవంటి పేదలే, తమ యిరుగుపొరుగువారే. వారికి లేదనుట ఎంత కష్టమైయుండునో మన పల్లెల దుకాణదారులు ఊహింపగలరు. ఆ కష్టమును వారు సహించినందుననే వారి దుకాణము నిలిచినది. వారి నియమములు ప్రపంచమందలి సహకారులకు మార్గదర్శకములైనవి.

మన దేశమునుండియే మరియొక తార్కాణము చెప్పుదుము. 1959 మార్చి 15వ తేదీని బొంబాయి నగరమున గిర్గాం ప్రాంతమున ఏడుగురు స్త్రీలు ఒక మేడమీది డాబాపై కూర్చుండి అప్పడములు వత్తిరి. వారి మూలధనము 80 రూపాయలు. అదియు ఛగన్‌లాల్ కరంసీ పారేఖ్ అను సంఘసేవకుడిచ్చిన అప్పు. మొదటినాడు తయారైనవి నాలుగు పొట్లములు. తరువాత లిజ్జత్ పాపడ్ అను పేరుతో దేశమంతట తెలిసిన సంస్థకు ఇదియే ఆరంభము. నేడు అందు సభ్యురాండ్రు నలుబది వేలకు పైగా కలరు. వారు నిలిచిన విధమును గమనింపుడు. మొదట రెండు రకముల అప్పడములు చేసి, నాసిరకమును చౌకగా నమ్మవలెనని తలచిరి. ఛగన్‌లాల్‌గారు వలదనిరి. ఒక్కటే రకము చేయుడు, దాని నాణ్యమును ఎన్నడును తగ్గింపకుడు, దీనిని వ్యాపారముగనే నడపి లెక్కలు సరిగ వ్రాయుడు అని బోధించిరి. ఆ స్త్రీలు దానిని పాటించిరి. నష్టము వచ్చినను విరాళముల కొరకు చేయి చాపరాదని నిశ్చయించుకొనిరి. మొదటి సంవత్సరపు అమ్మకము 6,196 రూపాయలు. విరిగిన అప్పడములను అమ్మక ఇరుగుపొరుగువారికి పంచిపెట్టిరి.

అందులో మనకు పనికివచ్చు సంగతి యింకొకటి కలదు. మొదటి యేట వానకాలమున అప్పడము ఎండక నాలుగు నెలలు పని నిలిచిపోయినది. వారు వానను నిందించుచు కూర్చుండలేదు. మరుసటి యేట మంచమును, పొయ్యిని కొని, మంచముమీద అప్పడములు పరచి, క్రింద పొయ్యి పెట్టి ఆరబెట్టుకొనిరి. పని నిలిచిన కాలమున ఎంత పోయినదో లెక్క తెలిసినవారికే ఆ మంచమునకు పెట్టిన సొమ్ము ఖర్చు కాదని తెలియును. ఉపాయము ఆకాశమునుండి ఊడిపడదు. నష్టమెచ్చటనున్నదో చూచినవానికి అచ్చటనే తోచును.

నాణ్యమును గూర్చి మన తెలుగువారి యుదాహరణము గూడ గుర్తుకు వచ్చుచున్నది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ఆరంభించినప్పుడు ఆ పేరు వినినవారెవరును లేరు. వారు సంగీత సభలలో దానిని జనులకు ఉచితముగ పంచి, ముందు వాడి చూడుడనిరి. తన సరుకును తానెరిగినవాడే ఇట్లు పరుల పరీక్షకు పెట్టగలడు. మొదటి సీసాలో మంచి నూనె పోసి, పదియవ సీసాలో కలగలుపు పోయువాడు కొనువారిని మోసగించితినని తలచును. పల్లెటూర కొనువారు నోరెత్తి యేమియు ననరు. మరుసటి వారము మరియొక దుకాణమునకు పోవుదురు. మోసపోయినది తానేయని దుకాణదారునకు తెలియు సరికి ఏడాది గడచియుండును.

లెక్క నిజముగ వ్రాయువానికి మరియొక ధైర్యము కలుగును. అది ఆపివేయగల ధైర్యము. వ్యాపారము పొసగదని మూడవ నెలలో తెలిసికొన్నవాడు యంత్రమును అమ్మి, కొద్ది నష్టముతో బయటపడి, మరియొక పనిలో ప్రవేశించును. మూడవ యేట తెలిసికొన్నవాడు ఎకరము అమ్మి బాకీ తీర్చును. మన పల్లెలలో దుకాణము మూయుట తలవంపులని తలచుచున్నారు. ఆ తలవంపునకు వెరచి నష్టమును లోలోపల మ్రింగుచు, చేబదుళ్లతో ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేయుచున్నారు. తండ్రి తాతలనాటి భూమి పోవుట తలవంపు గాని, పొసగని పనిని మానుట తలవంపు కాదు.

మా మాటలకు ఆక్షేపణ రాకపోదు. "పెట్టుబడి లేక, రోడ్డు లేక, గిట్టుబాటు ధర లేక చిన్నవాడు చెడుచుండగా మీరు గుణములను బోధించుచున్నారు. కలిగినవారు లేనివారికి నీతులు చెప్పుట క్రొత్త గాదు" అని కొందరందురు. ఈ యాక్షేపణలో నిజము లేకపోలేదు. పెద్ద కంపెనీ ఒక యేడు నష్టపడినను నిలువగలదు. చిన్న గానుగవాడు ఒక నెల నష్టపడిన నిలువలేడు. ఎంతటి గుణవంతుడైనను విద్యుత్తు లేక యంత్రమును త్రిప్పజాలడు. రోడ్లకొరకు, ధరలకొరకు, తక్కువ వడ్డీకొరకు మనము ఐకమత్యముతో పోరాడవలసినదే. అందులకే గదా సంఘమున్నది. కాని, వెసులుబాటు తక్కువగ నున్నవానికే లెక్క యెక్కువ యవసరము. నూరు బస్తాలున్నవాడు ఒక బస్తా ఎలుకలపాలైనను ఎరుగడు. రెండు బస్తాలవానికి ఒక శేరు పోయినను తెలియవలెను. "చదువురానివారు లెక్కలెట్లు వ్రాయుదురు?" అని మరికొంద రందురు. పాలుపోయు స్త్రీలు తలుపుమీద బొగ్గుతో గీతలు గీచి నెలకు సరిపోవు లెక్క చెప్పుట మన మందరము చూచినదే. పొదుపు సంఘముల స్త్రీలు తమ పద్దులను తామే వ్రాసికొనుచున్నారు. కావలసినది అక్షరము కాదు, నిజము చూడవలెనను కోరిక.

ఇక మా సంఘముల విషయము. ఇచ్చట మేము మా తప్పును ఒప్పుకొనవలసియున్నది. చిన్న వ్యాపారమునకు అప్పు కోరి సభ్యుడు వచ్చినప్పుడు మేము అడుగునది భూమి యెన్ని యెకరములు, హామీదారులెవరు, పాత బాకీ తీరినదా యనునవియే. ఒకప్పుడు ఎకరములు మెండుగనున్న యొక సభ్యునకు దుకాణముకొరకు అడిగినంత అప్పును ఒక్క సమావేశముననే మంజూరు చేసితిమి. అతడు చిట్టా యెన్నడును వ్రాసినవాడు కాడని మాలో పలువురికి తెలియును. ఎకరములను చూచి మాటాడకుంటిమి. దుకాణము పోయినది. మా అప్పు మాకు వచ్చినది, భూమి అమ్మకము వలన. మా పుస్తకములలో అది వసూలైన బాకీ. ఆ యింటివారికి అది యేమియో మేము వేరుగ చెప్పనక్కరలేదు. అతడు చెడినందుకు మేమును కొంతవరకు బాధ్యులము.

సహకార పరపతి పుట్టినది భూమి హామీకొరకు కాదు. జర్మనీ దేశమున రైఫైజన్ మహాశయుడు 1864లో హెడ్డెస్‌డార్ఫ్ గ్రామమున పరపతి సంఘమును స్థాపించినప్పుడు ఆయన యాధారము ఒక్కటే. ఒక యూరివారు ఒకరి నడవడి నొకరెరుగుదురు. ఆ యెరుకయే హామీ. మన మద్రాసు రాజధానిలో ఫ్రెడరిక్ నికల్సన్ గారు ఐరోపాలోని సంఘములను పరిశీలించి 1895, 1897 సంవత్సరములలో సమర్పించిన నివేదిక ఆ రైఫైజన్ మార్గమునే సిఫారసు చేసినది. 1904వ సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టమునకు అది దారితీసినది. మనిషిని చూచి అప్పిచ్చుటకు పుట్టిన సంఘము, ఎకరములను మాత్రమే చూచి యిచ్చుట తన పుట్టుకను మరచుట కాదా? ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమన్నారు పెద్దలు. చిట్టా చూచి వ్యాపారిని చూడుమని మేమందుము.

కావున పాలకవర్గములవారికి మేము మూడు సూచనలు చేయుచున్నాము. వ్యాపారపు అప్పు కోరువాడు మూడు నెలలపాటు తన యింటి, సేద్యపు లెక్కలను వ్రాసిన పుస్తకమును దరఖాస్తుతో పాటు చూపవలెను. వ్రాయనేర్వనివానికి సంఘపు గుమాస్తా సాయపడవలెను. ఇది మొదటిది. అప్పును ఒక్కమారుగ నీయక రెండు వాయిదాలుగ నిచ్చి, రెండవదానిని దుకాణపు చిట్టా చూచిన పిమ్మటనే యీయవలెను. ఇది రెండవది. మూడు నెలల కొకమారు పాలకవర్గములో నొకరు దుకాణమునకు పోయి, అధికారివలె గాక పొరుగువానివలె కూర్చుండి లెక్కలు చూచి, నష్టము కనబడినచో అప్పుడే చెప్పవలెను. ఇది మూడవది. ఎకరములు తక్కువైనను లెక్క సరిగనున్న కౌలుదారునకును, ఒంటరి స్త్రీకిని ఈ పద్ధతి తలుపు తెరచును. ఎకరములెన్నియున్నను లెక్క లేనివానికి, "నాయనా, మూడు నెలలాగుము" అని చెప్పుటకు మాకును ఒక యాధార మేర్పడును. అట్లు చెప్పుట వాని మేలుకొరకే.

సభ్యులకు మా మనవి యింకను చిన్నది. దుకాణము పెట్టదలచినవారు యంత్రముల జాబితా చూచుటకు ముందు ఒక తెల్లకాగితముల పుస్తకమును కొనుడు. ఈ రాత్రియే మొదటి పుటలో నేడు వచ్చినదెంత, పోయినదెంత వ్రాయుడు. వ్రాయునప్పుడు సిగ్గు కలిగించు అంకె ఏదైన నున్నచో దానిని దాటిపోక ముందుగ దానినే వ్రాయుడు. తొంబది రాత్రులు ఇట్లు వ్రాయగలిగినవారు మా కార్యాలయమునకు నిస్సంకోచముగ రండు. ఆ పుస్తకమును చంకనుంచుకొని రండు. పట్టాదారు పాసుపుస్తకముకంటె ముందుగ దానినే తెరచి చూతుము.